మణి పాట పరీక్షకు విజయనగరం

విజయనగరం చూడాలనుకునేవాళ్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను. రైళ్ల వేళలు, బస, తిండి, చూడవలసిన చోట్లు అన్నీ చెబుతాను. మేము వెళ్లిన పని మాత్రం చెడింది. చెడగొట్టింది నేనే. ఆ సంగతి దాచిపెడితే మిగతా రాతంతా అబద్ధమవుతుంది కనుక అదీ రాస్తున్నాను.

మాది పాతపట్నం. మా తాత కాలం నుంచి అమ్మవారి గుళ్లో పాడడం, ఊళ్లో పిల్లలకు సంగీతం చెప్పడం మా ఇంటి పని. ఊళ్లో నన్ను పాటల పంతులు అంటారు. మా అమ్మాయి నీలమణికి పదిహేడేళ్లు. ఐదో ఏట నుంచీ దానికి గురువుని నేనే. విజయనగరం సంగీత కళాశాలలో సీటుకు దరఖాస్తు పెడితే, సోమవారం ఉదయం పది గంటలకు వచ్చి పాడి వినిపించమని కార్డు వచ్చింది. దాని ఈడున నాకూ ఆ కాలేజీలో చదవాలని ఉండేది. మా నాన్న పంపలేదు. అందుకని ఆ కార్డు చూసి మణి కంటే నేనే ఎక్కువ పొంగిపోయాను. శనివారమే బయలుదేరి, ఆదివారం ఊరంతా చూపించి, సోమవారం పరీక్ష అయ్యాక, మంగళవారం రామతీర్థం చూసుకుని రావాలని అనుకున్నాను.

ప్రయాణం మొదలుపెట్టే ముందు నా చెవి సంగతి చెప్పాలి. రెండేళ్ల కిందట మన్యం జ్వరం తగిలి నెలంతా క్వినైన్ మింగాను. జ్వరం పోయింది గాని చెవుల్లో ఒక హోరు మిగిలింది. ఎవరికీ చెప్పలేదు. పాటల పంతులికి చెవి బాగాలేదంటే పిల్లల్ని పంపేదెవరు? అప్పటికే ఒక్కొక్కరూ మానేస్తున్నారు. కింద బాగానే పాడేవారు, పైస్థాయికి వెళ్లేసరికి అందరికీ శ్రుతి తగ్గిపోయేది. పై షడ్జం, అంటే పై ‘స’, ఒక్కడి గొంతులోనూ సరిగ్గా పడేది కాదు. “ఎక్కించండ్రా, ఇంకా ఎక్కించండి” అని అరిచి అరిచి విసుగెత్తిపోయాను. ఈ కాలం పిల్లలకు శ్రద్ధ లేదని తిట్టుకున్నాను. ఆమధ్య పూజారి కూడా, ఆడపిల్ల గొంతు అమ్మవారికి ఇష్టం, ఇకనుంచి మణి చేత పాడించండి అన్నాడు. ఆ కోపంతో గుళ్లో పాట మణికి వదిలేసి నేను అక్కడికి వెళ్లడమే మానుకున్నాను. నా మాట నిలబెట్టింది మణి ఒక్కతే. నేను చేయి పైకెత్తితే చాలు, నాకు కావలసినంత ఎక్కించి పాడేది.

శనివారం ఉదయం ఆరూ నలభైకి మా చిన్న రైలు ఎక్కాం. సన్న పట్టాల మీద నడిచే బండి అది. తొందరున్నవాళ్లు దాన్ని నమ్ముకోకూడదు. కిటికీ పక్కన కూర్చోకండి, ఇంజను బొగ్గునుసి కంట్లో పడుతుంది. మా ఎదురుగా ఒకామె పనసకాయల గంప కాళ్ల మధ్య పెట్టుకుని కూర్చుంది.

“ఎందాకా ఎల్తన్నారమ్మా?” అని మణిని అడిగింది.

“ఇజీనారం. పాట పరీచ్చకి.”

“పాటక్కూడా పరీచ్చేటి! పాడితే పాటే గదా,” అని ఆమె నవ్వింది. నాకు కోపం వచ్చింది. శ్రుతి అంటే ఏమిటో ఆమెకు నౌపడా వచ్చేదాకా చెప్పాను. పాపం, పనసకాయల మీద చేయి వేసుకుని అన్నిటికీ తలూపింది.

తొమ్మిదీ పావుకి నౌపడాలో దిగాం. అక్కడ పెద్ద రైలు మారాలి. పది గంటలకు రావలసిన పాసింజరు పదకొండుకు వచ్చింది. ఇంటి నుంచి పులిహోర తెచ్చుకున్నాం గనుక స్టేషనులో అమ్మే వడల జోలికి పోలేదు. మీరూ పోకండి. కోటబొమ్మాళిలో ఒక రైతు ఎక్కి నా ఎడమ పక్కన కూర్చున్నాడు. ఏదో అడిగాడు. నాకు హోరులో కలిసిపోయింది. నేను నోరు తెరిచేలోగా మణి జవాబు చెప్పేసింది.

“ఇంకా దుక్కులు అవనేదు మావా. మా కాడా వాన నేదు.”

దారి పొడుగునా అంతే. ఎవరు నన్నడిగినా మణే జవాబు చెప్పేది. “పెద్దవాళ్లని అడిగితే నీకెందుకే?” అని కసిరాను. మణి కిటికీ వైపు తిరిగింది.

పొందూరులో నేతపని వాళ్లు బట్టల మూటలతో ఎక్కారు. గరివిడి దగ్గర కొత్త ఫ్యాక్టరీ పొగ గొట్టాలు కనిపించాయి, పెట్టెలో సగంమంది లేచి నిలబడి చూశారు. మధ్యాహ్నం మూడూ నలభైకి విజయనగరం చేరాం.

బసకు స్టేషనుకు దగ్గర్లో ఒక సత్రం చూసుకున్నాం. మూడు రోజులకు మించి ఉండనివ్వరు. తాళం మనమే తీసుకెళ్లాలి. నీళ్లకు కొదవ లేదు. సామాను పడేసి, మొహాలు కడుక్కుని రిక్షా ఎక్కి గంటస్తంభం దగ్గర దిగేసరికి ఐదు కొట్టింది. నేను తలెత్తి విన్నాను.

“ఈ గంట ఎక్కడ పలుకుతోందో చెప్పు,” అన్నాను మణితో.

అది నా మొహంలోకి చూసింది. “నువ్వు సెప్పు నాన్నా.”

“షడ్జానికి తగ్గింది. ఇంత పెద్ద ఊళ్లో గంటకి శ్రుతి లేదు.”

“అవును నాన్నా, తగ్గింది.”

రిక్షావాడు చెమట తుడుచుకుంటూ, “గంటకి టైము వస్తే సాలదేటి బాబూ? పాట కూడా రావాలేటి?” అన్నాడు. మణి పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ సాయంత్రం అది అలా నవ్వడం నాకు బాగా గుర్తు.

ఆదివారం పొద్దున్నే ఇడ్లీలు తిని ఊరు చూడడానికి బయలుదేరాం. విజయనగరం వెళ్లేవాళ్లు ముందు కోట చూడండి. ఎండ ముదరకముందే వెళ్లాలి. గోడలు ఎత్తు, సింహద్వారం ఇంకా ఎత్తు. లోపల రాజులు లేరు, బడులూ కాలేజీలూ ఉన్నాయి. ఆ గోడ నీడన నిలబడి మణి, “ఇక్కడ సదివితే రోజూ ఈ దారినే నడుస్తాను కాబోలు,” అంది. నడుస్తావు అన్నాను. కోట నుంచి మూడు లాంతర్ల దగ్గరికి నడిచి వెళ్లాం. ఎంతో గొప్పగా చెబుతారు గాని, ఒక స్తంభానికి మూడు లాంతర్లు, అంతే. అయినా చూడకుండా వస్తే ఊళ్లో ఒప్పుకోరు. పైడితల్లమ్మ గుళ్లో కొబ్బరికాయ కొట్టించి, అక్కడికి దగ్గర్లోనే భోజనం హోటల్లో తిన్నాం. కందగడ్డ పులుసు బాగుంది. మణి రెండోసారి వేయించుకుంది.

ఎండ తగ్గాక పెద్ద చెరువు గట్టుకు వెళ్లాం. నేను సోడా తాగడానికి వెనక ఆగాను. తిరిగి వస్తుంటే మణి గట్టు మీద ఒక్కతే కూర్చుని ఉంది. బట్టలు ఉతుక్కుని వెళుతున్న ఇద్దరు ఆడవాళ్లు తడి మూటలు నెత్తిన పెట్టుకునే నిలబడిపోయి దాన్ని చూస్తున్నారు. దగ్గరికి వెళ్తే అర్థమైంది, అది పాడుకుంటోంది. నేను కనబడగానే ఆపేసింది.

“ఆపీసినావేటమ్మా, పాడు,” అంది అందులో ఒకామె.

మణి తల అడ్డంగా తిప్పింది. రేపటి పరీక్షకు గొంతు దాచుకుంటోందని నేనే ఆమెకు సర్దిచెప్పాను. సత్రానికి వచ్చి దీపాలు పెట్టేవేళకు దాని చేత ఒక గంట పాడించాను. పై షడ్జం దగ్గర రెండుసార్లు చేయి ఎత్తవలసి వచ్చింది. రెండుసార్లూ అందుకుంది. నాకు తృప్తిగా అనిపించింది.

సోమవారం తొమ్మిదిన్నరకే కాలేజీ వరండాలో కూర్చున్నాం. అప్పటికే పదిహేను ఇరవై మంది ఉన్నారు. మణిని పదకొండింటికి పిలిచారు. తండ్రులు కూడా లోపలికి రావచ్చన్నారు. పెద్ద గది, చాప మీద ముగ్గురు మేష్టర్లు. ఉత్తరీయం వేసుకున్న పెద్దాయన ఒకరు, వయొలిన్ పట్టుకున్న ఆయన ఒకరు, తంబురా మీటుతున్న ఒకావిడ. మూల ఒక హార్మోనియం. నేను గోడ పక్కన బల్ల మీద కూర్చున్నాను. మణి నాకు ఎదురుగానే కూర్చుంది. ఆ చోటు కాకుండా మరొకచోట కూర్చుని ఉంటే ఏమయ్యేదో అని ఇప్పటికీ అనుకుంటాను.

కల్యాణి రాగం ఎత్తుకుంది. కింద స్వరాల్లో దాని గొంతు చల్లగా ఉంటుంది. పెద్దాయన కళ్లు మూసుకున్నాడు. మెల్లగా ఒక్కో మెట్టూ ఎక్కి పై షడ్జం మీద నిలిచింది. నాకు తగ్గినట్టు వినబడింది. భయపడుతోంది కాబోలు అనుకున్నాను. నా చేయి లేచింది. రెండేళ్లుగా లేస్తున్న చేయి, నన్ను అడిగి లేవలేదు. మణి చూసింది. ఒక్క క్షణం అక్కడే నిలబడి, తర్వాత గొంతు పైకి జరిపింది.

తంబురా ఆవిడ చప్పున కళ్లు తెరిచింది.

“ఆగమ్మా,” అన్నాడు పెద్దాయన. “ముందు నిలబెట్టిన చోటు బాగుంది. అక్కణ్ణుంచి ఎందుకు జరిపావు?”

మణి తల వంచుకుంది. “మళ్లీ పాడు,” అన్నాడాయన. మళ్లీ పాడింది. మళ్లీ తగ్గినట్టే వినబడింది నాకు. ఈసారి చేయి ఇంకా పైకి ఎత్తాను. అది ఇంకా పైకి వెళ్లింది. వయొలిన్ ఆయన చిరాగ్గా మొహం తిప్పుకున్నాడు.

పెద్దాయన లేచి వెళ్లి హార్మోనియం మెట్టు నొక్కిపట్టుకున్నాడు. “ఇదీ షడ్జం. విను.”

నేనూ విన్నాను. తగ్గి ఉంది. పాత హార్మోనియం, పాడైందనుకున్నాను. వయొలిన్ ఆయన కమాను వేసి దానితో కలిపాడు. అదీ తగ్గే ఉంది. తంబురా ఆవిడ సన్నగా గొంతు కలిపింది. ముగ్గురూ ఒకే చోట నిలబడ్డారు, ఆ ముగ్గురూ నా చెవికి తప్పే. మణి వాళ్లతో గొంతు కలిపింది. ఏ కష్టమూ లేకుండా, రోజూ తన ఇంట్లో తాను కూర్చునే చోట కూర్చున్నట్టు వెళ్లి అక్కడ నిలిచింది. “ఆ, అదీ!” అన్నాడు పెద్దాయన.

నలుగురు ఒక్కసారే తప్పు పాడరు. అప్పుడు తెలిసింది నాకు. మానేసిన పిల్లలందరూ ఒక్కొక్కరూ కళ్ల ముందుకు వచ్చారు. వాళ్లంతా సరిగ్గానే పాడారు.

“గొంతు మంచిది,” అన్నాడు పెద్దాయన వచ్చి కూర్చుని. “పక్కన ఎవరైనా పలికితే పట్టుకుంటున్నావు. విడిగా పాడితే శ్రుతికి మించి హెచ్చుకి పోతున్నావు. తప్పు అలవాటు పడిపోయిందమ్మా. నీకు నేర్పింది ఎవరు?”

లేచి నిలబడి, నేనేనండీ అనాలి నేను. లేవలేదు. మణి నా వైపు చూడకుండా చెప్పింది.

“ఎవరూ లేరండి. విని నేర్చుకున్నాను.”

“వీరు?”

“మా నాన్నగారండి. తోడు వచ్చారు.”

“మీ పాతపట్నంలో సంగీతం చెప్పేవాళ్లే లేరా?”

“ఒకరు ఉండేవారండి.”

పెద్దాయన నిట్టూర్చి, ఈ ఏడాదికి కుదరదని, ఎవరైనా మంచి గురువు దగ్గర ఆ అలవాటు పోగొట్టుకుని మళ్లీ రమ్మని చెప్పాడు. కోపంగా చెప్పలేదు, దయగానే చెప్పాడు. నేను ఆయనకు నమస్కారం పెట్టి బయటికి వచ్చాను. నలభై ఏళ్లుగా పాట తప్ప మరో పని ఎరగనివాణ్ణి, నా ఎదుటే నేను లేనంటే ఊరుకుని వచ్చాను.

కాలేజీ దగ్గరి కాఫీ హోటల్లో కూర్చున్నాం. కాఫీ చల్లారిపోయాక అడిగాను.

“ఎప్పటినుంచే?”

“నీకు జొరం తగ్గిన కాణ్ణుంచీ.”

“అమ్మకి తెలుసా?”

“అమ్మే ముందు కనిపెట్టినాది.”

“మరి నాకు చెప్పలేదేటి?”

“సెప్తే నువ్వు పాట మానీస్తావు. పాట మానీసి నువ్వేటి సేస్తావు నాన్నా? కూకుని గోడలు సూస్తావా? నీ దగ్గిర నీకు సరిపోయినట్టు పాడతన్నాను. గుళ్లోన అసలు పాట పాడతన్నాను. రెండూ వచ్చు గదా, పరవానేదనుకున్నాను. ఈ రోజు కూడా సరిగ్గానే పాడదామనుకున్నాను నాన్నా. నీ సెయ్యి లేసీసరికి...”

అక్కడితో ఆపేసింది. నేను తనను తిట్టి ఉంటే బాగుండేది అన్నట్టు చూసింది. తిట్టడానికి నా దగ్గర ఏముంది? ఏడవడానికి కూడా సిగ్గుగా ఉంది, పక్క బల్లల వాళ్లు చూస్తున్నారు. వచ్చే ఏడు వెళుదువుగాని అన్నాను. అది తలూపింది. ఎవరి దగ్గర నేర్చుకుని వెళ్లాలో నేనూ చెప్పలేదు, అదీ అడగలేదు. పాతపట్నం చుట్టుపక్కల నేను తప్ప ఎవరున్నారు?

రామతీర్థం మేము చూడలేదు. కొండ, కోవెల, పక్కన కోనేరు చాలా బాగుంటాయని అందరూ చెబుతారు. చూసినవాళ్లను అడిగి వెళ్లండి. మేము సత్రం ఖాళీ చేసి మధ్యాహ్నం ఒంటిగంటన్నర పాసింజరు ఎక్కేశాం. దారిలో ఎక్కినవాళ్లు ఏదడిగినా మణే జవాబు చెప్పింది. ఈసారి కసరలేదు. దానికి దాహం వేస్తోందేమోనని చీపురుపల్లిలో దిగి నీళ్లు పట్టుకొచ్చాను. మా ఇద్దరికీ ఒకరితో ఒకరికి మర్యాద ఎక్కువైపోయింది, కొత్త చుట్టాల్లా కూర్చున్నాం.

నౌపడాలో ఐదున్నరకు దిగి చిన్న రైలు పట్టుకున్నాం. టెక్కలిలో ఇంజను నీళ్లు పోసుకోవడానికి చాలాసేపు ఆగుతుంది. పెట్టెలో నలుగురైదుగురం ఉన్నాం. టెంబూరు వెళ్లే ముసలామె ఒకతె మణిని పరకాయించి చూసింది.

“నువ్వు అమ్మోరి గుళ్లోన పాడే పిల్లవి కాదేటి? మొన్న మంగళారం ఇన్నాను. ఒక పాట పాడమ్మా, బండి ఎప్పుడు కదుల్తాదో ఏటో.”

మణి నా వైపు చూసింది. వద్దని అనబోయింది కాబోలు, పెదవి కదిలింది. “పాడవే,” అన్నాను. “కాళ్లు పట్టేశాయి, అలా నడిచి వస్తాను.”

దిగి ప్లాట్‌ఫారం మీద వెనక్కి నడిచాను. పెట్టె చివరకు వచ్చి, కిటికీల్లోంచి నేను కనబడని చోట ఆగాను.

విజయనగరం చూడవలసిన ఊరే. మనుషులు మంచివాళ్లు, తిండి బాగుంటుంది, రెండు రోజుల్లో హాయిగా తిరగవచ్చు. పాటంటే ప్రాణం పెట్టే ఊరు. ఎవరైనా వెళ్లవచ్చు. నేను మళ్లీ వెళ్లను.

లోపల మణి అమ్మవారి పాట ఎత్తుకుంది. కింద స్వరాలు నాకు బాగానే వినబడ్డాయి. ఒక్కో మెట్టూ ఎక్కుతుంటే రైలు పెట్టెను ఆనుకుని రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాను. పై షడ్జానికి వెళ్లి నిలిచింది. ఈసారి అక్కణ్ణుంచి జరగలేదు, చాలాసేపు అక్కడే ఉంది. లోపల ఎవరో “ఆహా!” అన్నారు. నాకు మాత్రం అది బాగా తగ్గి వినబడింది. అందువల్లే తెలిసింది, నా కూతురు సరిగ్గా పాడుతోందని.